కొలత కుదిరిన పిమ్మటనే కిరణము

కాజీపేట నుండి విజయవాడకు పోవు రైలుమార్గము మీద, ఖమ్మమునకును మధిరకును నడుమనున్న బోనకల్లులో బండి ఎక్కి హైదరాబాదునకో విజయవాడకో ప్రయాణమగు వారిలో, చదువులకు పోవు పిల్లలతోను బేరసారములకు పోవు రైతులతోను పాటు, చేతిసంచిలో బట్టల అడుగున స్కానింగు ఫిలిములను, బయాప్సీ కాగితములను, ఆరోగ్యశ్రీ పత్రములను భద్రముగా దాచుకొని పోవు స్త్రీలు కొందరు ఎల్లప్పుడును ఉందురు. వారి జబ్బు రొమ్ము క్యాన్సరు. భారతదేశమున స్త్రీలకు కలుగు క్యాన్సరులలో నేడు ప్రథమస్థానము దీనిదే. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థవారి అంచనా ప్రకారము 2020వ సంవత్సరమున, ఆ ఒక్క యేడాదిలోనే, మన దేశములో 1,78,361 మంది స్త్రీలకు ఈ వ్యాధి కొత్తగా కనబడినది. శస్త్రచికిత్సను గురించియు, కీమో మందులను గురించియు మన పల్లెలలో ఇప్పుడు కొంత తెలిసినది. కాని మనవారు కరెంటు పెట్టించుకొనుట అని చెప్పుకొను కిరణచికిత్స మాత్రము నేటికిని తలుపు మూసిన గదిలో జరుగు అజ్ఞాతవ్యవహారముగానే మిగిలియున్నది. అందులోను, చికిత్స ఆరంభమగుటకు పూర్వము జరుగు కొలతల దినములను గూర్చి ఎవరును ఎవరికిని చెప్పరు. ఈ ప్రసంగమున నేను ఆ దినములను గురించియే మాటలాడదలచితిని.

ఏలయన, మన ఆడవారు ఎక్కువగా నిరుత్సాహపడునది ఆ దినములయందే. రెండువందల కిలోమీటర్లు ప్రయాణము చేసి, కూలి పోగొట్టుకొని, తోడుమనిషిని బతిమాలి వెంటబెట్టుకొని పోయిన స్త్రీని ఒక పలక మీద పరుండబెట్టి, చేతులెత్తించి, ఒంటి మీద గీతలు గీసి, ఒక స్కానింగు తీసి, "ఇక వెళ్లి రండమ్మా, ఎప్పుడు రావాలో ఫోను చేస్తాము" అని పంపివేసినచో, "ఇంత దూరం రప్పించుకొని ఏం చేశారయ్యా, గీతలు గీసి పంపారు" అని ఆమె నిట్టూర్చుట సహజమే. ఆ నిట్టూర్పుతో ఇల్లు చేరి, తిరిగి ఆసుపత్రి మొగము చూడనివారు కలరు. ఆ గీతలను ఆ రాత్రియే సబ్బుతో రుద్ది కడిగివేసినవారును కలరు. వారికి నేను చెప్పదలచినది ఒక్కటే: గీతలు గీసిన ఆ దినమే చికిత్స యంతటికిని ముఖ్యమైన దినము, యంత్రము పనిచేయు తక్కిన దినములన్నియు ఆనాడు కుదిరిన కొలతను మరల మరల అమలుపరచు దినములు.

ఈ కిరణచికిత్స మన ప్రాంతమునకు కొత్తది కాదు. 1895 నవంబరు 8న జర్మనీలో రంట్‌జన్ ఎక్స్ కిరణములను, 1898లో పారిస్‌లో క్యూరీ దంపతులు రేడియమును కనుగొన్న పిమ్మట, ఆ రెండును వైద్యమున ప్రవేశించుటకు ఎక్కువ కాలము పట్టలేదు. హైదరాబాదులో 1955వ సంవత్సరమున రేడియం సంస్థయు క్యాన్సరు ఆసుపత్రియు నెలకొన్నవి. ఆనాటి హైదరాబాదు రాష్ట్రమంత్రియు, అటుపిమ్మట గుజరాతునకు తొలి గవర్నరుగా పోయినవారును అగు మెహదీ నవాజ్ జంగుగారి పేరిట నేడది ఎం.ఎన్.జె. ఆసుపత్రిగా వ్యవహరింపబడుచున్నది. బోనకల్లు వంటి మైదానపు ఊళ్ల నుండియే కాక, భద్రాచలమునకు ఆవల చర్ల, దుమ్ముగూడెము అడవిపల్లెల నుండి బస్సులు మారుచు పోయిన బీదవారికి దీర్ఘకాలము అదియే దిక్కైనది. 2000 జూన్ 22న బంజారాహిల్సులో బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సరు ఆసుపత్రి ఆరంభమైనది. కృష్ణాజిల్లా మంటాడలో జన్మించిన నోరి దత్తాత్రేయుడుగారు న్యూయార్కులోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో కిరణచికిత్సానిపుణులుగా విఖ్యాతి నొంది, 2015లో పద్మశ్రీ పొందిరి. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో తమ సహచరులతో కూడి రూపొందించిన మెథోట్రెక్సేటు, రొమ్ము క్యాన్సరు కీమోచికిత్సలో చిరకాలము ప్రముఖమైన మందుగా నుండెను. ఈ వైద్యమును చేయువారిలో మనవారు ఇంతమంది యుండగా, దానిని పొందువారికి అది తమ భాషలో అందకుండుట నాకు బాధాకరముగా నున్నది.

అసలీ చికిత్స యెందుకని అడుగువారు కలరు. గడ్డ తీసివేసిరి కదా, మరల కిరణము లేల యని వారి ప్రశ్న. 1880ల నాడు అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు నెలకొల్పిన పద్ధతిలో రొమ్మును, దాని అడుగునున్న కండను, చంకలోని గ్రంథులను సమూలముగా తొలగించెడివారు. గడ్డను మాత్రము తీసి, మిగిలిన రొమ్మునకు కిరణచికిత్స చేసినను ఆయుర్దాయమున తేడా యుండదని, ఇటలీలో ఉంబెర్తో వెరొనేసీయు, అమెరికాలో బెర్నార్డ్ ఫిషరును, 1970ల నుండి వందలకొలది స్త్రీలను ఇరువదియేండ్లపాటు వెంబడించి పరిశీలించి, 2002లో ప్రకటించిరి. ఫిషరు పరిశీలనలో గడ్డ తీయించుకొని కిరణములు పొందనివారిలో 39.2 శాతమునకు అదే రొమ్మున వ్యాధి తిరుగబెట్టగా, కిరణములు పొందినవారిలో అది 14.3 శాతము. ఈ రెండంకెల నడుమనున్న అంతరమే బోనకల్లు స్త్రీని అంత దూరము రప్పించుచున్నది. రొమ్మును పూర్తిగా తీసివేసినవారిలో కూడ, చంకగ్రంథులకు వ్యాధి ప్రాకియున్నచో, ఛాతీగోడకును మెడ మొదటి భాగమునకును కిరణములు ఇత్తురు. ఆలస్యముగా వైద్యుని చేరినవారిలో ఇట్టివారు అనేకులు.

కిరణమనగా నిప్పు కాదు, కరెంటు షాకు కాదు. దాని మోతాదును గ్రే అను మానముతో లెక్కింతురు. ఒక కిలోగ్రాము కణజాలమున ఒక జౌలు శక్తి ఇమిడినచో అది ఒక గ్రే. ఒకనాటి చికిత్సలో ఇచ్చు రెండు గ్రేల వలన ఆ భాగపు వేడిమి డిగ్రీలో రెండువేలవ వంతు మాత్రమే పెరుగును. అంత స్వల్పమైన శక్తి ఇంతటి పనిచేయుటకు కారణమేమనగా, అది కణములోని డి.ఎన్.ఎ. పోగులను తెంపును. తెగిన పోగులను ఆరోగ్యవంతమైన కణము కొన్ని గంటలలో బాగుచేసికొనగలదు. క్యాన్సరు కణమునకు ఆ నేర్పు తక్కువ. కనుకనే మొత్తము మోతాదును ఒక్కనాడు కుమ్మరింపక, దినమున కింత చొప్పున పంచుదురు. అయితే కిరణము తాను పోవు దారిలో ఏ అవయవమున్నను దానిని తాకకపోదు. రొమ్ము వెనుకనే ఊపిరితిత్తి. ఎడమవైపైనచో దాని పక్కనే గుండె. దారి ఏర్పరచువారికి ఈ భయము నిరంతరము ఉండవలెను, ఉండును.

ఆ దారి ఏర్పడు గదిని సిమ్యులేషను గది అందురు. అందులో ఉండునది చికిత్సచేయు యంత్రము కాదు, సి.టి. స్కానింగు యంత్రము. దాని బల్ల మీద తలవైపు ఎత్తుగా వాలియుండు ఒక పలకను అమర్చి, దాని మీద స్త్రీని వెల్లకిల పరుండబెట్టుదురు. మనిషి బల్లపరుపుగా పరుండినపుడు ఛాతీయెముక మెడవైపు పల్లముగను పొట్టవైపు ఎత్తుగను ఉండును గనుక, పలకను కావలసినంత లేపి ఆ వాలును సరిచేయుదురు. పలక యెత్తునకు ఒక అంకె, తలయాధారమునకు ఒక అంకె, మోచేయి ఆను చోటికి ఒక అంకె, మణికట్టునకు ఒక అంకె, మోకాళ్ల క్రింది దిండునకు ఒక అంకె చొప్పున అన్నియు కాగితమున కెక్కును. రేపు మరియొక గదిలో, మరియొక యంత్రము క్రింద, మరియొకరి చేతుల మీదుగా ఆమె ఇదే భంగిమలో పరుండవలెను గదా.

బోనకల్లు మండలపు వైపునుండి వచ్చిన ఒక నడివయసు కూలీస్త్రీని ఆ గదిలో నేను చూచితిని. మెడలోని పుస్తెలతాడు తీయవలెననగానే ఆమె చేయి మెడ మీదనే నిలిచిపోయినది. లోహము స్కానింగు బొమ్మలో చారలు పుట్టించును, గీతలు గీయుటకు అడ్డువచ్చును, కనుక తీయక తప్పదు. అక్కడ పనిచేయు అమ్మాయి ఆమెను తొందరపెట్టలేదు. "అమ్మా, మీ అత్తమ్మను లోపలికి పిలుస్తాను. ఆమె చేతిలో పెట్టండి, అయిపోయినాక ఆమె చేతనే వేయించుకోండి" అనెను. అత్తగారు వచ్చి, ఆ పుస్తెలను కళ్లకద్దుకొని కొంగున ముడివేసికొని, "నా దగ్గరుంటే నీ మెళ్లో ఉన్నట్టే బిడ్డా, పడుకో" అన్నది. ఆ పిమ్మట ఆమె పలక మీద చూపిన నిశ్చలత్వమును ఏ మత్తుమందును తేజాలదు.

వస్త్రము తొలగించు వేళ కూడ ఇంత ఓర్పు కావలెను. పరపురుషుల యెదుట ఛాతీ విప్పి పరుండుట మన పల్లెస్త్రీకి శస్త్రచికిత్స కంటె కష్టముగా తోచునని నేనెరుగుదును. గదిలో ఆడమనిషి ఒకరుండవలెనని అడుగుటకు ఆమెకు పూర్తి హక్కు కలదు. గీతలు గీయు వేళ వచ్చువరకు గుడ్డ కప్పియుంచుడని అడుగవచ్చును. సిగ్గుచేత బిగిసిన భుజములు తొలినాడు ఒక తీరుగను, అలవాటుపడి సడలిన పిమ్మట వేరొక తీరుగను ఉండును. బిగిసిన ఒడలికి తీసిన కొలత సడలిన ఒడలికి సరిపోదు. కావున మర్యాద కూడ అక్కడ కొలతలో భాగమే. ఆసుపత్రులలో పనిచేయువారు ఈ ప్రసంగమును వినుచున్నచో, వారికి నా మనవి ఇది: ఆ తొలి పదినిమిషములు మాటలకు ఖర్చుచేసినచో, ఆ పిమ్మటి వారములలో గంటలకొలది సర్దుబాటు తప్పును.

చేతులను గురించి కొంత విడమరచి చెప్పవలెను. చేయి తల పైకెత్తనిదే అది కిరణము దారినుండి తొలగదు. ఎత్తిన చేయి స్కానింగు యంత్రపు గుండ్రని నోటిలో పట్టవలెను. పట్టి, కదలక నిలువవలెను. చంకలో శస్త్రచికిత్స జరిగిన స్త్రీ, కుట్లు విడిపోవునను భయముతో, నెలల తరబడి ఆ చేతిని ఒంటికి కరచుకొని యుండును. ఇంటిలోని పెద్దలును "చేయి కదపకు" అనియే జాగ్రత్త చెప్పుదురు. ఆ జాగ్రత్తయే భుజమును బిగియించును. తీరా సిమ్యులేషనుకు వచ్చిన దినమున చేయి చెవి దాకనైన లేవదు, వ్యాయామము చేసి రమ్మని పంపివేయుదురు, కిరణచికిత్స వెనుకబడును. కావున శస్త్రవైద్యుడు అనుమతించిన నాటినుండియే గోడకు ఎదురుగా నిలువబడి వ్రేళ్లతో మెల్లగా గోడ నెక్కుచు, నిన్నటి కంటె నేడు ఒక అంగుళము పైకి పోవునట్లు చేయవలెను. తల తానే దువ్వుకొనవలెను. దండెము మీద బట్టలు తానే ఆరవేయవలెను. ఇందుకు పైకము అక్కరలేదు, ఆసుపత్రికి పోనక్కరలేదు. చేయించు ఓపికగల ఒక కూతురో కోడలో ఉన్నచో చాలును.

భంగిమ కుదిరిన పిమ్మట వైద్యుడు చేతితో తడిమి రొమ్ము సరిహద్దులను గుర్తించును. పైన కంటెయెముక క్రింది నుండి, దిగువ రొమ్ముమడత దాటి కొంతవరకు, లోపల ఛాతీ నడిమిగీత, వెలుపల చంక నడిమిగీత. ఈ హద్దుల మీదను, కుట్టుమచ్చ మీదను సన్నని తీగలను అంటింతురు. అవి స్కానింగులో తెల్లగా కనబడును. ఇరుపక్కల గోడలనుండియు పైకప్పునుండియు వచ్చు లేజరు వెలుగుగీతలు ఒంటి మీద కలిసిన చోట్లను సిరాతో గుర్తింతురు. కొన్ని ఆసుపత్రులలో సూదితో పుట్టుమచ్చకంటె చిన్నవైన శాశ్వతపు చుక్కలు పొడుతురు. సాగరు కాలువ మన పొలములకు రాకముందు సర్వేవారు పాతిన రాళ్లవలె, తరువాత జరుగు పనికంతటికిని ఈ చుక్కలే ఆధారము. కనుక సబ్బు, నూనె, పసుపు వాటికి సోకరాదు. స్నానము చేయవచ్చును, నీరు పడవచ్చును, రుద్దరాదు. చెమటకు గీత మాసినచో ఆసుపత్రికి ఫోను చేయవలెను. మాసిన గీతను ఇంటిలో పిల్లవాని పెన్నుతో తిరిగి దిద్దుకొని వచ్చువారు కలరు. మేలు చేయుచున్నామనియే వారి తలంపు. కాని చెరిగిన గీత కంటె తప్పుచోట దిద్దిన గీత ప్రమాదకరము, చెరిగినది చెరిగినట్లు తెలియును, దిద్దినది తప్పని తెలియదు.

స్కానింగు ముగిసి స్త్రీ ఇల్లు చేరిన పిమ్మట, ఆమె కంటికి కనబడని పని ఆరంభమగును. మూడు నుండి అయిదు మిల్లీమీటర్ల ఎడముతో మెడ మొదలు పొట్ట వరకు తీసిన బొమ్మలను కంప్యూటరు తెరమీద ఒకదాని వెనుక ఒకటి తెరచి, వైద్యుడు ఒక్కొక్క బొమ్మ మీద చికిత్స అందవలసిన భాగమును ఒక రంగుతోను, ఊపిరితిత్తులను, గుండెను, రెండవ రొమ్మును వేర్వేరు రంగులతోను గీయును. ఆ పిమ్మట పని భౌతికశాస్త్రజ్ఞునిది. రొమ్ము ఛాతీగోడ మీద వంపుగా ఉండును గనుక, కిరణమును ఎదురుగా దూర్చక, లోపలివైపునుండి ఒకటి, వెలుపలివైపునుండి ఒకటి, రెండు కిరణపుంజములను ఛాతీగోడను ఒరసికొని పోవునట్లు ఏటవాలుగా పంపుదురు. ఇట్లు పంపినపుడు ఊపిరితిత్తిలో సన్నని అంచు మాత్రమే దారిలోనికి వచ్చును. అది రెండు మూడు సెంటీమీటర్లకు మించకుండ చూతురు. రొమ్ము అన్నిచోట్ల ఒకే మందమున ఉండదు. చనుమొనవైపు పలుచన, ఛాతీవైపు మందము. పలుచని చోట మోతాదు ఎక్కువ కాకుండ, యంత్రపు నోటిలోని సన్నని లోహపుటాకులను కదలించి, కొంతసేపు కొంతభాగమును కప్పుదురు. నిర్ణయించిన మోతాదులో 95 శాతమునకు తగ్గకుండ, 107 శాతమునకు మించకుండ చేయుట వారి గురి. రొమ్ము తీసివేసిన స్త్రీలలో చర్మమునకు కూడ పూర్తి మోతాదు అందవలెనన్నచో, ఛాతీ మీద మెత్తని జెల్ పట్టీ పరచవలసి యుండును. దానిని బోలస్ అందురు. ఒక లెక్క కుదరనిచో కిరణపు కోణమును ఒకటి రెండు డిగ్రీలు త్రిప్పి మరల లెక్కింతురు. ఈ పనికి కొన్నిచోట్ల రెండు మూడు దినములు, రద్దీ అధికమైనచోట వారమునకు పైగా పట్టును. ఆ నిరీక్షణకాలమున తన్నెవరును పట్టించుకొనలేదని ఆమె తలచుచుండగా, నలుగురు చదువరులు ఆమె గుండె అంచు మీద ఒక్కొక్క మిల్లీమీటరు కొరకు వాదులాడుచుందురు.

గుండె అంచు మీద అంత పట్టుదల ఏల యనగా, స్వీడన్, డెన్మార్కు దేశములలో కిరణచికిత్స పొందిన 2,168 మంది స్త్రీల చరిత్రలను పరిశీలించి, సారా డార్బీయు ఆమె సహచరులును 2013లో ప్రకటించిన విషయ మొకటి కలదు: గుండెకు సోకిన సగటు మోతాదులో ఒక్కొక్క గ్రేకు, గుండెరక్తనాళపు పెనుజబ్బుల అవకాశము 7.4 శాతము చొప్పున పెరుగుచు పోయినది. ఇంతకు తక్కువైనచో హానిలేదను హద్దు కానరాలేదు. ఎడమరొమ్మునకు చికిత్స చేయునపుడు ఇది పెద్ద చిక్కు. దీనికి కనుగొన్న ఉపాయము చాల సులభమైనది, ఖర్చులేనిదని చెప్పజాలను గాని, శరీరములోనే ఉన్నది. గట్టిగా గాలి పీల్చి బిగబట్టినచో ఊపిరితిత్తి ఉబ్బి, గుండె వెనుకకును దిగువకును జరుగును; ఛాతీగోడకును గుండెకును నడుమ ఎడమేర్పడును. ఆ ఇరువది సెకండ్ల కాలములోనే కిరణము ప్రసరింపజేసి, ఆమె గాలి విడువగానే ఆపివేయుదురు. ఇందుకు తగిన పరికరములు అన్నిచోట్ల లేవు. ఉన్నచోట మాత్రము "ఊపిరి బిగబట్టు పద్ధతి నాకు పనికివచ్చునా" అని ఎడమవైపు చికిత్స పొందు ప్రతి స్త్రీయు అడుగవలెను. పనికివచ్చునన్నచో ఇంటివద్ద వాకిట మంచము మీద పరుండి, చేతులు తల పైకెత్తి, మనుమనిచేత లెక్కపెట్టించుకొనుచు అభ్యసింపవచ్చును.

ఇక చికిత్స తొలినాటి మాట. లినాక్ అను యంత్రపు గదిలో, సిమ్యులేషనునాటి పలకమీదనే, ఆ అంకెలతోనే ఆమెను పరుండబెట్టి, గోడలనుండి వచ్చు లేజరు వెలుగులను ఒంటి మీది చుక్కలకు జతపరుతురు. అటు ఇటు సర్దునపుడు ఆమె సాయము చేయదలచి తానే జరుగుచుండును; అది వద్దు. వారు జరుపుదురు, ఆమె బరువు వదలి ఉండవలెను. పిమ్మట ఒక బొమ్మ తీసి, ప్రణాళికలోని బొమ్మతో పోల్చి, అయిదు మిల్లీమీటర్లకు మించి తేడా యున్నచో మరల సర్దుదురు. ఇందుచేత తొలినాడు అరగంటయో ముప్పావుగంటయో పట్టును. తరువాతి దినములలో పది పదిహేను నిమిషములకు తగ్గును. అందులో కిరణము వెలువడునది కొన్ని నిమిషములే. ఆ వేళకు అందరు వెలుపలికి పోయి తలుపు వేయుదురు. "నాకు మంచిదైతే వాళ్లెందుకు పారిపోతారు" అని ఒక తల్లి నన్నడిగినది, న్యాయమైన ప్రశ్న. ఆమెకు అది మందు, కొన్ని వారములతో ముగియును. వారు దినమునకు పదులకొలది మందికి చికిత్స చేయుచు, ఏండ్ల తరబడి అక్కడనే ఉండవలసినవారు. గదిలో కెమెరా యుండును, మైకు ఉండును. ఆమె చేయి కదిపినను పిలిచినను యంత్రమును ఆపి లోనికి వత్తురు. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణమండలి అనుమతియు, అర్హతగల భౌతికశాస్త్రజ్ఞుని పర్యవేక్షణయు లేనిదే ఇట్టి యంత్రమును దేశమున ఎచ్చటను నడుపరాదు. యంత్రము ఇచ్చు మోతాదును వారు క్రమము తప్పక కొలిచి సరిచూచుదురు.

దినముల సంఖ్య మన స్త్రీలకు అన్నిటికంటె పెద్ద ప్రశ్న. పూర్వము 50 గ్రేలను 25 దినములకు పంచి అయిదు వారములు చేసెడివారు. బ్రిటనులో జరిగిన పరిశీలనల ఫలితముగా 40 గ్రేలను 15 దినములలో, అనగా మూడు వారములలో ఇచ్చినను చాలునని తేలినది. ఆ పద్ధతి నేడు మన దేశమునను విస్తారముగా అమలులో నున్నది. 2020లో ప్రకటితమైన మరియొక పరిశీలన, 4,096 మంది పాల్గొన్నది, ఎంపికచేసిన స్త్రీలకు 26 గ్రేలను అయిదే దినములలో ఇయ్యవచ్చునని చూపినది. ఎవరికి ఏది తగునో వైద్యుడే నిర్ణయింపవలెను. గడ్డ యున్న చోటికి అదనముగా మరికొన్ని దినములు అవసరము కావచ్చును. అయినను అడుగుట తప్పు కాదు. మిరపకోతల కాలమున అయిదు వారములు ఊరు విడుచుట యనగా ఆ యేటి సంపాదనలో పెద్దపాలు విడుచుటయే యని బోనకల్లులో ఎవరికి తెలియదు? దూరమునకు జడిసి, రొమ్ము నిలుపుకొనదగిన స్త్రీ రొమ్ము తీయించుకొనుటకు ఒప్పుకొనుట నాకు మిక్కిలి దుఃఖము కలిగించిన విషయము. 2007లో ఉమ్మడి రాష్ట్రమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చును భరించును; తెలంగాణములో 2023 డిసెంబరు 9 నుండి దాని పరిమితి పదిలక్షల రూపాయలు. కాని కూలి నష్టమును, తోడుమనిషి కూలి నష్టమును, బస చేయు గదియద్దెను అది భరింపదు. చికిత్స నిర్ణయించునపుడు వైద్యులు ఈ లెక్కను కూడ వేయవలెను.

ఆరంభించిన పిమ్మట నడుమ విడువరాదు. శని, ఆదివారముల విరామము లెక్కలో ఉన్నదే. అంతకు మించి పెండ్లికనియు, భద్రాద్రి కల్యాణమునకనియు, కోతలకనియు వారము దినములు మానినచో, మిగిలిన క్యాన్సరు కణములకు కోలుకొను వ్యవధి నిచ్చినట్లగును. రెండవ మూడవ వారమున చర్మము కమిలినట్లు ఎఱ్ఱబారుట, చంకలోను రొమ్ముమడతలోను మండుట, అలసట కద్దు. చికిత్స ముగిసిన వారము పదిదినములకు ఈ కమిలిక ఎక్కువై, పిమ్మట తగ్గును. ముగిసిన పిదప పెరిగినదని బెదరి నాటుమందులు పూయరాదు. వదులైన నూలురవికె తొడుగుకొని, వైద్యుడిచ్చిన పూత మాత్రమే వాడవలెను. వెలుపలినుండి ఇచ్చు ఈ కిరణము ఒంటిలో నిలువ ఉండదు. యంత్రము ఆగిన క్షణముననే అది లేదు. మనుమలను ఎత్తుకొనవచ్చును, వంట చేయవచ్చును, అందరితో కలిసి భుజింపవచ్చును. చంకగ్రంథులు తీసిన వైపు చేతికి మాత్రము గాయము తగులనీయరాదు. రక్తపుపోటు, సూది రెండవ చేతికే. మిరపకోతకు పోయినచో చేతితొడుగు ఉండవలెను. చేయి వాచినచో ఆలస్యము చేయరాదు.

చివరినాడు ఆసుపత్రివారు ఒక కాగితము ఇత్తురు. ఏ వైపునకు, ఏయే భాగములకు, ఎన్ని గ్రేలు, ఎన్ని దినములలో, ఏ తేదీ మొదలు ఏ తేదీ వరకు ఇచ్చిరో అందులో ఉండును. ఇయ్యకున్నచో అడిగి తీసికొనవలెను. మందులచీటీలు పోయినను మరల వ్రాయించుకొనవచ్చును గాని, ఒకసారి కిరణములు సోకిన చోటు ఎంత మోతాదు భరించినదో ఏ స్కానింగును చెప్పజాలదు. పది యేండ్లకో పదునైదేండ్లకో ఆ పక్కనే మరల కిరణచికిత్స అవసరమైనచో, కొత్త వైద్యుడు మొదట అడుగునది ఆ కాగితమునే. దానికి రెండు జిరాక్సులు తీయించి, ఒకటి రేషనుకార్డు, ఆధారుకార్డు ఉన్న కవరులో పెట్టి, రెండవది వేరొక ఊరిలోనున్న కూతురింటనో తమ్మునింటనో ఉంచి, ఫోనులో ఒక ఫొటో తీయించుకొని, సంవత్సరమునకొకమారు మామోగ్రాము పరీక్షకు పోవునపుడెల్ల దానిని వెంట గొనిపోవలెను.